నరకకుండంలో రెక్కల చప్పుడు

ఈసారి సావనీరుకు ఏదైనా రాయమని మన స్టూడెంట్స్ యూనియన్ సెక్రటరీ మూడుసార్లు మా డిపార్ట్‌మెంటు మెట్లెక్కాడు. మొదటిసారి తీరిక లేదన్నాను. రెండోసారి, "జువాలజీ వాళ్ళు రాస్తే కప్పలూ బొద్దింకలే కదయ్యా, ఎవరు చదువుతారు?" అన్నాను. మూడోసారి అతను కుర్చీలో కూర్చుని కదల్లేదు. నిజానికి నా దగ్గర రాయాల్సిన విషయం ఒకటి చాలా ఏళ్ళుగా ఉంది. అది వ్యాసం బాకీ కాదు, జవాబు బాకీ.

2012లో బి.ఎస్‌సి. ఫైనలియర్ క్లాసులో ఎకాలజీ చెబుతున్నాను. ఆ రోజుల్లో పేపర్లలో ఒక వార్త వస్తూండేది. అండమాన్ సముద్రంలో నార్కొండం అనే చిన్న దీవి మీద కోస్ట్ గార్డు వారు రాడార్ పెడతామన్నారు. అక్కడ తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని ఒక పక్షి ఉందని పర్యావరణ శాఖ వద్దంది. వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి, "సార్, ఒక్క పక్షి కోసం దేశానికి కాపలా మానేస్తామా?" అనడిగాడు. క్లాసంతా నవ్వింది. నాకు కోపం వచ్చింది. "నువ్వు కూర్చో, సిలబస్ మిగిలిపోయింది" అన్నాను. అతను కూర్చున్నాడు. ఆ తర్వాత ఏడాదంతా క్లాసులో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ప్రశ్న మంచిదే. నాకు జవాబు తెలియక కసిరాను. మేష్టరన్నవాడు చేయకూడని పని అది. ఇప్పుడతను ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాడని విన్నాను. పాత విద్యార్థులకు సావనీరు పోస్టులో వెళుతుంది గనుక ఇది అతని చేతికీ అందవచ్చు.

ముందు ఆ దీవి ఎక్కడుందో చూద్దాం. మ్యాపులో అండమాన్ దీవుల పైకొస నుంచి వేలు తూర్పుకి జరపండి. సుమారు 125 కిలోమీటర్లు పోయాక ఒక చుక్క తగులుతుంది. చాలా అట్లాసుల్లో ఆ చుక్క కూడా ఉండదు. విస్తీర్ణం ఏడు చదరపు కిలోమీటర్లకు లోపే. అంత చిన్న దీవి మీద శిఖరం ఎత్తు మాత్రం 710 మీటర్లు. అంటే దీవి మీద కొండ ఉందనడం కన్నా, సముద్రంలోంచి ఒక కొండ తల బయట పెట్టిందనడం సరి. చుట్టూ నిట్రమైన రాతి గోడలు. పడవ ఒడ్డుకి చేరే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 1986లో సముద్ర సరిహద్దు ఒప్పందం కుదిరేవరకు ఈ దీవి తమదని బర్మా కూడా అంటూండేది.

పేరు సంగతి మనవాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. 'నరకకుండం' అన్న మాటే నావికుల నోళ్ళలో నలిగి నార్కొండం అయిందని చెబుతారు. ఇందులో ఒక తమాషా ఉంది. నార్కొండం అగ్నిపర్వతమే గాని, మనిషి రాసుకున్న చరిత్రలో అది నిప్పు కక్కిన దాఖలా లేదు. పొగా లేదు, సెగా లేదు, పై నుంచి కింది దాకా పచ్చటి అడవి. దానికి దక్షిణాన సుమారు 135 కిలోమీటర్ల దూరంలో బారెన్ దీవి ఉంది. మన దేశంలో నేటికీ మండుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. నరకకుండమనే పేరు అసలు దానిదనీ, పాత మ్యాపుల్లో తారుమారై దీనికి అంటుకుందనీ కొందరి వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఈ రెండు దీవులూ ఒకే తల్లి బిడ్డలు. భారత భూఫలకం తూర్పున బర్మా ఫలకం కిందికి జారుతోంది. ఆ జారుడు వల్ల లోతున రాయి కరిగి, పైకి తోసుకొచ్చి, సముద్రం అడుగున గుట్టగా పేరుకుని, ఏనాటికో నీటిపైకి తేలుతుంది. 2004 డిసెంబర్ 26న మన కోస్తాకి సునామీ తెచ్చిపెట్టిన రాపిడి కూడా ఈ ఫలకాలదే.

జీవశాస్త్రానికి ఇక్కడొక ముఖ్యమైన సంగతి ఉంది. ఇలా పుట్టిన దీవి ఏ ఖండానికీ ఏనాడూ అతుక్కుని లేదు. శ్రీలంక అలా కాదు, సముద్రమట్టం తగ్గిన కాలాల్లో జంతువులు నడిచి వెళ్ళగలిగాయి. నార్కొండానికి నడిచి వెళ్ళిన ప్రాణి లేదు. అక్కడున్న ప్రతి చెట్టూ, పిట్టా, పురుగూ గాలిలో వచ్చిందో, నీటిలో కొట్టుకొచ్చిందో, మరొక ప్రాణి కడుపులో కూర్చుని వచ్చిందో అయి ఉండాలి. కోతి రాలేదు, పిల్లి రాలేదు. ఎగరగలిగినవీ, తేలగలిగినవీ వచ్చాయి.

ఇలాంటి చోట అడవి ఎలా మొలుస్తుందో చూడటానికి ఇండోనేషియాలోని క్రకటోవాని మించిన ఉదాహరణ లేదు. 1883 ఆగస్టులో అది పేలినప్పుడు దీవిలో చాలా భాగం ఎగిరిపోయింది. మిగిలిన ముక్క వేడి బూడిద కింద కప్పడిపోయింది. తర్వాత వంద సంవత్సరాలూ శాస్త్రజ్ఞులు మళ్ళీ మళ్ళీ వెళ్ళి ఏమేం వచ్చాయో రాసుకున్నారు. మొదట ఫెర్నులూ గడ్డీ. తర్వాత, పండ్లు తినే పక్షులూ గబ్బిలాలూ విత్తనాలు మోసుకొచ్చాక, అడవి. వందేళ్ళు గడిచేసరికి మర్రి, మేడి కుటుంబానికి చెందిన చెట్లే ఇరవైకి పైగా జాతులు అక్కడ చేరాయి. వాటన్నిటినీ నాటింది పిట్టలూ గబ్బిలాలే.

అయితే అగ్నిపర్వతం ఇచ్చింది ఎప్పుడైనా తీసుకోగలదు. బారెన్ దీవి ఒకటిన్నర శతాబ్దానికి పైగా నిద్రపోయి 1991లో లేచింది. 1993 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞుల బృందం వెళ్ళి చూస్తే, ఆ దీవి మీద ఉండేవని తెలిసిన 16 రకాల పక్షుల్లో ఆరే కనిపించాయి. వాటిలో ఎక్కువగా ఉన్నది తెల్లటి ఒళ్ళూ నల్లటి రెక్క అంచులూ ఉన్న ఇంపీరియల్ పావురం. దీవి నుంచి దీవికి పండ్ల కోసం తిరిగే పక్షి అది. ఒక ఇల్లు తగలబడితే ఇంకో ఇంటికి పోగలదు. ఇక నేను చెప్పబోయే పక్షికి ఆ రెండో ఇల్లు లేదు.

దాని పేరు నార్కొండం హార్న్‌బిల్. హార్న్‌బిల్ అంటే ముక్కు మీద కొమ్ములాంటి కట్టడం ఉన్న పెద్ద పక్షి. దాన్ని శాస్త్రలోకానికి 1873లో పరిచయం చేసినవాడు మీ అందరికీ తెలిసినవాడే, కాకపోతే చరిత్ర పాఠంలో తెలుసు. ఆయన అలెన్ ఆక్టేవియన్ హ్యూమ్. 1885లో కాంగ్రెస్‌ని స్థాపించిన హ్యూమే! ఆయన ఐ.సి.ఎస్. ఉద్యోగం చేస్తూనే మన దేశపు పక్షులను అంతకుముందు ఎవరూ చేయనంత శ్రద్ధగా పోగుచేశాడు. 1873లో ఓడ వేసుకుని అండమాన్, నికోబార్ వైపు వెళ్ళిన ప్రయాణంలో నార్కొండం మీద దిగాడు. ఆ ఏడే తన 'స్ట్రే ఫెదర్స్' పత్రికలో ఈ కొత్త పక్షిని వర్ణించాడు. ఆయన ఏళ్ళ తరబడి రాసుకున్న రాతప్రతులను తర్వాత ఎవరో చిత్తు కాగితాల కింద బజారులో అమ్మేశారు. ఆ దుఃఖంతో ఆయన పక్షిశాస్త్రమే వదిలేసి, దాదాపు ఎనభై వేల పక్షి నమూనాలను బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశాడు. హిస్టరీ లెక్చరర్లు ఈ సంగతి చెప్పరెందుకో!

హార్న్‌బిల్లులన్నిటిలో ఇది చిన్నదే. పొడవు అరవై, అరవై అయిదు సెంటీమీటర్లు. ఒళ్ళు నిగనిగలాడే నలుపు, తోక తెలుపు. మగదానికి తలా మెడా ఇటుకరంగు, ఆడదానికి అవీ నలుపే. పిల్లలు ఆడైనా మగైనా తండ్రి రంగుతోనే బయటికొస్తాయి. ముక్కు మీద కొమ్ము దగ్గర మడతలుంటాయి.

విచిత్రమేమంటే, ఇంత పెద్ద అడవులున్న అండమాన్ దీవుల్లో గాని, నికోబార్‌లో గాని ఒక్క హార్న్‌బిల్ జాతి కూడా లేదు. దీని దగ్గరి బంధువులు బర్మా వైపు ఉన్నాయి. ఏనాడో తూర్పు నుంచి కొన్ని పక్షులు సముద్రం దాటి ఈ కొండ మీద వాలి ఉండాలి. వాలినవి ఇక్కడే వేరే జాతి అయ్యాయి.

నేను నార్కొండం వెళ్ళలేదు. ప్రత్యేకమైన అనుమతి లేనిదే ఎవరూ వెళ్ళలేరు. నేను వెళ్ళింది పోర్ట్ బ్లెయిర్ దాకానే (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం). 2016 డిసెంబర్‌లో విశాఖపట్నం రేవులో ఓడ ఎక్కి, మూడు రోజులు సముద్రం మీద తల తిరుగుతూ చేరాను. మా మేనమామ కుటుంబం అక్కడే స్థిరపడింది. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వలస వెళ్ళినవాళ్ళు ఆ ఊళ్ళో ఎంతమందో! బజారులో చేపల బేరం తెలుగులోనే చేయవచ్చు. మామయ్య నన్ను ఒక సాయంత్రం తన స్నేహితుడి ఇంటికి తీసుకెళ్ళాడు. రిటైరైన పోలీసు ఉద్యోగి. నార్కొండం మీద 1969 నుంచి ఒక పోలీసు అవుట్‌పోస్టు ఉంది. ఆ దీవి మీద మనుషులంటే ఆ పోస్టులోని పదిహేను, ఇరవై మందే. ఈయన అక్కడ కొన్నాళ్ళు డ్యూటీ చేశాడు.

"ఏటి బాబూ, పిట్ట కోసం ఇంత దూరం వచ్చేవా?" అన్నాడు నవ్వుతూ.

"మిమ్మల్ని చూడ్డానికే వచ్చాను బాబాయ్. పిట్ట ఎలాగూ కనపడదు కదా!" అన్నాను.

ఆయన కాసేపు తాను పడిన ఇబ్బందులు చెప్పాడు. సముద్రం బాగులేనప్పుడు వారాల తరబడి పడవ రాకపోవడం, ఉత్తరాలు రాకపోవడం. ఉన్నట్టుండి, "దాన్ని ముందు చూడవు బాబూ, వింటావు" అన్నాడు. "తెల్లారగట్ట పడుకుని ఉంటే రైలింజను ఆవిరి వదిలినట్టు చప్పుడొస్తాది. మా ఊరు స్టేషను గుర్తొచ్చేది నాకు. అది రైలు కాదు, రెక్కలు."

ఆ వర్ణన కచ్చితమైనది. హార్న్‌బిల్ రెక్క కింది భాగంలో ఈకల సందులను కప్పే చిన్న ఈకలు తక్కువ. అందుకని రెక్క ఊపినప్పుడల్లా గాలి ఆ సందుల్లోంచి బుస్సుమని దూసుకుపోతుంది. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఆ పెద్దాయన పదో తరగతి దాటలేదు. దీన్ని నాకన్నా బాగా చెప్పాడు.

"ఏం తింటాయి బాబాయ్ అవి?" అనడిగాను.

"మేడిపళ్ళు. ఏ నెల్లో చూసినా ఏదో ఒక చెట్టు పండే ఉండేది. చెట్టు నిండా ఇవే. మనం కింద నిలబడితే నెత్తి మీద వాన కురిసినట్టు గింజలు."

ఆయన ఆ రెండు ముక్కల్లో చెప్పినదాని వెనక ఒక పెద్ద యంత్రాంగం ఉంది. మేడిపండు గురించి వేమన చెప్పిన పద్యం మనకందరికీ వచ్చు. కాని ఆ పద్యంలో నిందపడ్డ పురుగు లేకపోతే మేడిచెట్టే లేదు. మర్రి, రావి, జువ్వి, మేడి, ఇవన్నీ ఒకే కుటుంబం. మనం పండు అనుకునేది నిజానికి లోపలివైపుకి పూసిన పూలగుత్తి. పూలన్నీ సంచి లోపల ఉంటాయి. సంచికి ఒక సన్నని రంధ్రం. ఆ రంధ్రం గుండా దూరి పుప్పొడి అందించగలిగేది ఒక చిన్న కందిరీగలాంటి పురుగే. సాధారణంగా ఒక్కో చెట్టు జాతికి దాని పురుగు దానికే ఉంటుంది. లోపల గుడ్లు పెడుతుంది, పిల్లలు అక్కడే పెరుగుతాయి, ఆడ పిల్లలు పుప్పొడి పూసుకుని బయటికొచ్చి ఇంకో చెట్టు వెతుక్కుంటాయి. బయటికొచ్చిన పురుగు బతికేది ఒకటి రెండు రోజులే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. పురుగు ఒకటి రెండు రోజులే బతుకుతుందంటే, ఆ రెండు రోజుల్లో దానికి దగ్గర్లో పూతకొచ్చిన చెట్టు దొరకాలి. చెట్లన్నీ మామిడిచెట్లలా ఒకే రుతువులో పూస్తే మిగతా నెలల్లో పురుగు జాతి నశిస్తుంది. పురుగు నశిస్తే చెట్టు నశిస్తుంది. కాబట్టి ఈ కుటుంబపు చెట్లు ఒకదాని తర్వాత ఒకటి, వంతులు వేసుకున్నట్టుగా ఏడాది పొడుగునా కాస్తాయి. అందువల్లే అడవిలో మరే పండూ లేని నెలల్లో కూడా మేడిపండు ఉంటుంది. ఆ ఏర్పాటు పురుగు కోసం వచ్చింది. దాని మీద బతుకుతున్నది పక్షి.

పక్షి ఊరికే తినిపోదు. పండు మింగి, ఎగిరి, వేరే చోట గింజ వదులుతుంది. 2019–20 చలికాలంలో నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్‌కు చెందిన శాస్త్రజ్ఞులు నార్కొండం మీద ఉండి, ఏ చెట్టు మీద ఏ పక్షి తింటోందో గంటల తరబడి చూసి రాసుకున్నారు. ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో అయితే పండ్లు తినే పక్షులు డజన్ల కొద్దీ ఉంటాయి. ఒకటి లేకపోయినా ఇంకోటి ఆ పని చేస్తుంది. నార్కొండంలో ఆ పని చేసేవి కొద్ది జాతులే. హార్న్‌బిల్, కోకిల, ఇంపీరియల్ పావురాలు, గోరువంక, అంతే అనుకోండి. అందులో సింహభాగం హార్న్‌బిల్‌దే. పెద్ద గింజలున్న పండ్లు మింగడానికి గొంతు పట్టేది దానికే. ఏడు చదరపు కిలోమీటర్ల అడవికి అది తోటమాలి. దాని తర్వాత ఆ ఉద్యోగంలో చేరడానికి అర్హతలున్నవాళ్ళు ఎక్కువమంది లేరు.

పక్షికి అడవి ఇచ్చేది పండు ఒక్కటే కాదు. ఫిబ్రవరి ప్రాంతంలో ఆడపక్షి పెద్ద చెట్టు తొర్రలోకి దూరి, రెట్టతోనూ పండ్ల గుజ్జుతోనూ ద్వారం మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. లోపల గుడ్లు పెట్టి పొదుగుతుంది. ఆ సమయంలోనే రెక్కల ఈకలు రాల్చేసుకుంటుంది. అంటే ఎగరలేదు. ఆ వారాలన్నీ మగపక్షి పండ్లు మోసుకొచ్చి ఆ సందులోంచి అందించాలి. మగపక్షికి ఏదైనా అయితే తొర్రలో ఉన్నవాటికి దిక్కు లేదు. పైగా తొర్ర అన్నది లేత చెట్టుకి ఉండదు. వయసు మళ్ళిన, లావుపాటి, కొమ్మ విరిగి లోపల కుళ్ళిన చెట్టుకే ఉంటుంది. మనం 'పనికిరాని చెట్టు' అని ముందుగా నరికేది దాన్నే.

దీవి అంతా ఒక్కలాగే ఉంటుందనుకోవద్దు. ఒడ్డున సముద్రపు గాలిని తట్టుకునే చెట్లు. దానిపైన వాలుల్లో పెద్ద మానులు, మేడి జాతులు ఎక్కువ. ఇంకా పైకి పోతే చెట్ల పొడవు తగ్గి, శిఖరం దగ్గర మబ్బు తడికి నాచూ ఫెర్నులూ. హార్న్‌బిల్లులు శిఖరం దాకా తిరుగుతాయి గాని వాటి గుంపు ఎక్కువగా ఉండేది కింది వాలుల్లోనే, ఎందుకంటే పండ్లచెట్లు ఎక్కువగా ఉన్నది అక్కడే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇంతకీ ఎన్ని ఉన్నాయి? 1972లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన ఎస్.ఎ. హుస్సేన్ ఆ దీవి మీద ఉండి దాదాపు 400 అని అంచనా వేశారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో వెళ్ళినవారి లెక్కలూ మూడు, నాలుగు వందల దగ్గరే తిరిగాయి. 2019–20 బృందం మాత్రం సుమారు వెయ్యి అంది. చదరపు కిలోమీటరుకి వంద నుంచి నూటయాభై దాకా అన్నమాట. ప్రపంచంలో హార్న్‌బిల్లులు ఇంత ఒత్తుగా ఉన్నచోటు చాలా అరుదు. వేటాడే జంతువు లేదు, పండుకి పోటీ వచ్చే కోతి లేదు, ఏడాది పొడుగునా తిండి. కాబట్టి నమ్మదగినదే.

అయితే 400 నుంచి 1000 అయ్యాయని పండగ చేసుకోవచ్చా? విద్యార్థులు ఇక్కడ జాగ్రత్తపడాలి. నిట్టనిలువు కొండ మీద ఎగిరే పక్షిని లెక్కపెట్టడం పరీక్షహాల్లో తలలు లెక్కపెట్టడం లాంటిది కాదు. ఒకే పక్షి రెండుసార్లు కనిపించవచ్చు, పది పక్షులు ఆకుల చాటున అసలు కనిపించకపోవచ్చు. కొత్త పద్ధతిలో బాట వెంట నడుస్తూ, పక్షి కనిపించినప్పుడల్లా అది బాటకి ఎంత దూరంలో ఉందో కొలుస్తారు. దూరం పెరిగేకొద్దీ కనిపించేవి ఎంత తగ్గుతున్నాయో చూసి, కనపడనివి ఎన్నో గణితం ద్వారా కడతారు. వచ్చే జవాబు ఒక అంకె కాదు, సుమారు 750 నుంచి 1400 లోపు అనే ఒక పరిధి. పాత లెక్కల పద్ధతి వేరు. రెండు వేర్వేరు తక్కెళ్ళతో తూచి సరుకు పెరిగిందనకూడదు. మా ల్యాబు రికార్డుల్లో ఏటా ఈ తప్పే చేస్తారు, నేను ఏటా ఎర్ర సిరాతో దిద్దుతాను.

పోనీ, తగ్గలేదు కదా, భయమెందుకు అంటారా? మేకల కథ చెబుతాను. 1976లో పోస్టులోని సిబ్బందికి మాంసం కోసమని కొన్ని మేకలను దీవికి తీసుకెళ్ళారు. ఎవరికీ దురుద్దేశం లేదు. నెలల తరబడి పడవ రాని చోట మనిషి తినాలి కదా! మేకలు అడవిలోకి పోయాయి, ఇరవయ్యేళ్ళు తిరిగేసరికి వందల్లో అయ్యాయి. మేక పెద్ద చెట్టుని ఏమీ చేయదు. మొలకని తింటుంది. అందుకని పైకి చూసేవాడికి అడవి పచ్చగానే కనిపిస్తుంది, పక్షులూ ఉన్నన్నే ఉంటాయి. కాని ముసలిచెట్టు పడిపోయిన చోట లేవడానికి లేతచెట్టు ఉండదు. హార్న్‌బిల్ చాలా ఏళ్ళు బతికే పక్షి. తొర్రలు తగ్గిపోతున్న సంగతి లెక్కల్లోకి ఎక్కేసరికి దిద్దుకునే గడువు దాటిపోతుంది. దీవుల పక్షుల కోసం జీవితం ధారపోసిన రవి శంకరన్ వంటి శాస్త్రజ్ఞులు మేకలను తీసేయాలని గట్టిగా చెప్పారు. తర్వాతి సంవత్సరాల్లో తీసేశారు కూడా. చెప్పినమాట విని చేసిన పని అది. మెచ్చుకోవాలి.

హవాయి దీవులదీ అగ్నిపర్వత జన్మే. అక్కడ 19వ శతాబ్దం తొలినాళ్ళలో ఓడల నీటిపీపాల్లో దోమ దిగింది. పక్షుల మలేరియాని అది ఇంటింటికీ పంచింది. దోమని ఎరగని అక్కడి అడవిపిట్టలు, హనీక్రీపర్లనే కుటుంబంలో సగానికి పైగా జాతులు, నశించాయి. మిగిలినవి దోమ ఎక్కలేని చల్లని ఎత్తుల్లో తలదాచుకున్నాయి. ఇప్పుడు వాతావరణం వేడెక్కి దోమ పైకి ఎక్కుతోంది. నార్కొండానికి అలా ఎక్కి తప్పించుకునే పై ఊరు కూడా లేదు. 710 మీటర్లతో కొండ అయిపోతుంది.

ఇక 2012 నాటి ప్రశ్న దగ్గరికి వస్తాను. రాడార్‌కి అడిగింది ఒక హెక్టారు కూడా లేని స్థలం. "సార్, అంత కొంచెం స్థలానికి ఇంత గొడవా?" అని ఆ కుర్రాడు అడిగి ఉండేవాడు, నేను కూర్చోబెట్టకపోతే. స్థలం కొంచెమే, నిజం. కాని రాడార్ తానొక్కతే రాదు. దానికి కరెంటు కావాలి, కరెంటుకి డీజిల్ జనరేటరు, డీజిల్ దింపడానికి రేవు, పైకి మోయడానికి దారి, ఇవన్నీ కట్టడానికి కూలీలు, వారికి వంటచెరుకు. సామాను పెట్టెల్లో ఎలుకో, దోమో, గింజో. ఈ పనులన్నీ జరిగేది కింది వాలుల్లో. పండ్లచెట్లూ పక్షులూ ఎక్కువగా ఉన్నాయని గుర్తుపెట్టుకోమన్నానే, ఆ వాలుల్లోనే. 2012లో కాదన్న అనుమతిని 2014లో కొత్త ప్రభుత్వం ఇచ్చింది.

నేను కాపలా వద్దనను. ఆ సముద్రానికి కాపలా కావాలి. ఆ సంగతి మూడు రోజులు ఆ నీళ్ళ మీద పోతేగాని నాకు తెలిసిరాలేదు. ఆ పెద్దాయన చేసిందీ కాపలాయే, ఉత్తరం ముక్క రాని చోట. కాబట్టి అతని ప్రశ్నలో సగం న్యాయమే. రెండో సగం, 'ఒక్క పక్షి' అన్న మాట దగ్గర, నేను జవాబు చెప్పి ఉండవలసింది. అది ఒక్క పక్షి కాదు. పండు, పురుగు, తొర్ర, మొలక, ఇన్నిటి మధ్య ఉన్న ముడి అది. సముద్రానికి కాపలా కాసే చోటు, ఆలోచిస్తే, మరొకటి దొరకవచ్చు, మరో ఎత్తున, మరో పద్ధతిలో. ఈ పక్షికి మరో చోటు లేదు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి లెక్క చూడమని చెప్పి ఉండవలసింది. లెక్క చూశాక కూడా అతను రాడారే కావాలంటే, నేను కసరకుండా వినవలసింది.

చివరగా ఒక సమాచారం. హార్న్‌బిల్‌ని చూడటానికి ఓడ ఎక్కనక్కర్లేదు. దీని దాయాది, బూడిదరంగు హార్న్‌బిల్, మన కాలేజీలోనే ఉంది. బోటనీ బ్లాకు వెనక రావిచెట్టు కాయలు పండినప్పుడు ఒక జంట వస్తుంది. వాటి తొర్ర ఏ చెట్టులో ఉందో రెండేళ్ళుగా వెతుకుతున్నాను, పాత హాస్టల్ వైపున్న చింతచెట్టు మీద నాకు అనుమానం. ఆదివారాల్లో పొద్దున్న ఆరుంపావుకి నేను అక్కడే ఉంటాను. ఏ గ్రూపువారైనా రావచ్చు, ప్రశ్నలు తెచ్చుకోవచ్చు. బైనాక్యులర్స్ ఉన్నవాళ్ళు తెచ్చుకోండి. డిపార్ట్‌మెంటుకి ఉన్నది ఒక్కటే, దానికి కుడికన్ను వైపు బూజు పట్టింది.